వావిలాకు వాడే పద్ధతి: గుర్తుపట్టడం నుంచి నూనె కాచడం దాకా

వావిలి కోసం అడవికి పోనక్కర్లేదు. వాగు ఒడ్డున, చెరువు కట్ట కింద, కాలవ గట్టు మీద, ఊరి బయట బంజర్లో దానంతటదే గుబురుగా పెరుగుతుంది. పశువులు పెద్దగా మూతి పెట్టవు కాబట్టి చేలకు కంచెగానూ వేస్తారు. వినాయక చవితి నాడు ‘హేరంబాయ నమః’ అంటూ పదిహేనోదిగా వేసే సింధువార పత్రం ఇదే. ఆయుర్వేద దుకాణంలో నిర్గుండి పేరుతో సీసాల్లో అమ్మే నూనె కూడా దీనిదే. అయినా సంతలో కొన్న పత్రి కట్టలో ఇది ఉందో లేదో చాలామంది పోల్చుకోలేరు. వీధి చివర నిలువెత్తు చెట్టున్నా పిచ్చిమొక్క అనుకుని దాటిపోతారు.

వాట్సాప్‌లో తిరిగే చిట్కాలు చూస్తే ఈ ఆకు తగ్గించని రోగమే ఉండదు. ఆ జాబితాను పక్కన పెట్టండి. పల్లెల్లో పెద్దవాళ్ళు దీన్ని వాడిన తీరు గమనిస్తే ఎక్కువ భాగం ఒంటికి బయటినుంచి చేసేవే: ఆవిరి, స్నానం, కాపడం, కట్టు, నూనె. వాటిలో ఆకుతో పాటు దాదాపు ప్రతిచోటా వేడి ఉంటుంది. నొప్పి సడలడంలో ఆ వేడి వాటా పెద్దదే. ఆకు వాటా కూడా లేకపోలేదు. వావిలాకు తైలంలో నీలగిరి తైలానికి ఘాటునిచ్చే సినియోల్ కొంత ఉంటుంది. ఆకులోని కొన్ని పదార్థాలు వాపును, నొప్పిని తగ్గిస్తాయని జంతువుల మీద చేసిన పరిశోధనల్లో కనిపించింది. మనుషుల మీద జరిగిన పరీక్షలు తక్కువ. కాబట్టి దీన్ని ఒళ్ళునొప్పులకు, రొంపకు, బెణుకులకు ఇంటి ఉపశమనంగా వాడుకోండి. రోగం కుదిర్చే మందుగా మాత్రం లెక్కేయకండి.

‘గుప్పెడు ఆకు వేసి కాచి వాడండి’ అని చెప్పి వదిలేస్తే చేసేవాళ్ళకు ఏమీ తెలియదు. ఎంత ఆకు, ఎన్ని నీళ్ళు, ఎంత వేడి, ఎంతసేపు అన్నవే అసలు సంగతులు.

చెట్టును గుర్తుపట్టడం

ముందు ఆకు చూడండి. ఒక్కో కాడ చివర మూడో ఐదో రెక్కలు, చాచిన చేతివేళ్ళలా ఉంటాయి. మధ్య రెక్క అన్నిటికన్నా పొడుగు, దానికి చిన్న తొడిమ స్పష్టంగా కనిపిస్తుంది. దానికి అటూ ఇటూ ఉన్నవి కాస్త పొట్టి. అన్నిటికన్నా కిందున్న రెండూ బాగా చిన్నవి, కాడకు అతుక్కున్నట్టే ఉంటాయి. ఆకు పైవైపు ముదురాకుపచ్చ. తిప్పి చూస్తే బూడిద పులిమినట్టు తెల్లగా, సన్నటి నూగుతో ఉంటుంది. గాలి వీచినప్పుడు చెట్టంతా ఒక్కసారి తెల్లబడి మళ్ళీ పచ్చబడేది ఇందుకే. లేత కొమ్మను రెండు వేళ్ళ మధ్య పెట్టి తిప్పితే నాలుగు పలకలుగా తగులుతుంది. పూలు చిన్నవి, లేత ఊదారంగువి, కొమ్మల కొసలకు పొడుగాటి గుత్తులుగా పూస్తాయి. కాయలు మిరియపు గింజంత, పండితే నల్లబడతాయి.

చివరగా ఆకు నలిపి వాసన చూడండి. కర్పూరం, మిరియం కలిసినట్టు ఘాటుగా ముక్కుకు కొడుతుంది. అందరికీ నచ్చే వాసనేం కాదు. నలిపినా ఏ వాసనా రాకపోతే అది వావిలి కాదు, వదిలేయండి.

పొరపాటు పడే అవకాశం ఉన్నవి కొన్ని ఉన్నాయి. అడవుల్లో పెద్ద మానుగా పెరిగే నెమలి అడుగు దీని దాయాదే, కానీ దానికి మూడు రెక్కలే ఉంటాయి, చెట్టు చాలా ఎత్తు. నల్ల వావిలి పేరుతో కొన్నిచోట్ల ఇచ్చేది అసలు వేరే కుటుంబపు మొక్క. దాని కాండం నల్లగా, ఆకులు రెక్కలుగా చీలకుండా ఒంటిగా ఉంటాయి. నర్సరీలో కొనేటప్పుడు పేరు నమ్ముకోకుండా ఆకు చూసి కొనండి. ఇక గంజాయి. అంచులు కాస్త పళ్ళుపళ్ళుగా ఉండే వావిలి రకాన్ని చూసి గంజాయి అని హడావుడి చేసేవాళ్ళున్నారు. గంజాయి ఆకు రెక్కలన్నిటికీ అంచులు రంపం పళ్ళలా ఉంటాయి, రెక్కలకు విడిగా తొడిమలుండవు, పైగా అది ఏడాదిలో చచ్చిపోయే మొక్క. వావిలి ఏళ్ళ తరబడి నిలిచే పొద, కాండం చేవ పట్టి ఉంటుంది.

అమెరికాలో ఉంటున్నవాళ్ళకు ఒక మాట. డాలస్, ఆస్టిన్ వైపు ఇళ్ళ ముందు, రోడ్ల పక్కన ఊదారంగు గుత్తులతో కనిపించే వైటెక్స్ చెట్టు చాలావరకు మధ్యధరా ప్రాంతపు జాతి. వావిలికి దగ్గరి చుట్టమే, వాసనా కొంచెం కలుస్తుంది, అయినా ఇది అది కాదు. మందుల షాపుల్లో వైటెక్స్ పేరుతో దొరికే క్యాప్సూల్స్ ఆ చెట్టు కాయలతో చేసినవి, వాటిని స్త్రీల నెలసరి ఇబ్బందులకు అమ్ముతారు. వావిలి అనుకుని ఒళ్ళునొప్పులకు మింగకండి.

కోయడం, ఆరబెట్టడం

ఎక్కడ కోస్తున్నారన్నది ముఖ్యం. మిరప, పత్తి చేల గట్ల మీది వావిలి మీద పిచికారీ మందు తుంపర పడి ఉంటుంది. హైవే పక్కది దుమ్ము, పొగ తాగి ఉంటుంది. డ్రైనేజీ నీళ్ళు పారే చోటిది కూడా వద్దు. వాగు ఒడ్డుదో పెరటిదో మేలు.

పొద్దున మంచు ఆరాక, ఎండ ముదరకముందు కోయండి. కొమ్మ చివరినుంచి జానెడు పొడవు తుంచుకుంటే లేత, మధ్యరకం ఆకులు రెండూ వస్తాయి. పురుగు తిన్నవి, పసుపుబారి మాగినవి, బూజు చుక్కలున్నవి ఏరేయండి. రెండు నీళ్ళు కడిగి, దులిపి, గుడ్డ మీద పరవండి.

ఆవిరికి, స్నానానికి, కట్టుకు పచ్చాకే కావాలి. దిండుకు, పప్పుధాన్యాల నిలవకు ఎండాకు. ఎండబెట్టడమంటే నీడలో, గాలి ఆడేచోట. ఎండలో వేస్తే ఆ ఘాటంతా ఎగిరిపోయి గడ్డి మిగులుతుంది. రోజుకోసారి తిరగేస్తూ ఉండండి. పట్టుకుంటే గలగలమని విరిగేదాకా ఆరాలి. తేమ మిగిలితే డబ్బాలో బూజు పడుతుంది.

రొంపకు ఆవిరి

లీటరున్నర నీళ్ళు మరిగించండి. పొయ్యి కట్టేశాక రెండు గుప్పిళ్ళ పచ్చాకు నలిపి వేసి, మూతపెట్టి ఐదు నిమిషాలు ఆగండి. చాలామంది ఆకును నీళ్ళతో పాటు అరగంట మరిగిస్తారు. అప్పుడు వాసన ఇల్లంతా పోతుంది, ముక్కుకు మిగిలేది వేడినీటి ఆవిరే. నీళ్ళు మరిగాకే ఆకు వేయాలి, వేసిన వెంటనే మూత పెట్టాలి. చిటికెడు పసుపు వేసుకోవడం అలవాటైతే వేసుకోండి, దానివల్ల పెద్ద తేడా ఏమీ ఉండదు.

గిన్నెను స్టవ్ మీద ఉంచి దానిమీదకు వంగడం, మంచం మీద ఒళ్ళో పెట్టుకోవడం రెండూ ప్రమాదమే. కదలని బల్ల మీద, వెడల్పాటి అడుగున్న గిన్నెలో పెట్టుకుని కుర్చీలో కూర్చోండి. మొహానికి, నీళ్ళకు మధ్య మూరెడు దూరం ఉండాలి. కళ్ళు మూసుకుని, తువ్వాలు కప్పుకుని, ముక్కుతో పీల్చి నోటితో వదలండి. ఐదు నుంచి పది నిమిషాలు చాలు, పూటకు ఒకసారి చాలు. ముక్కు బిగువు వదులుతుంది, తల బరువు కాస్త దిగుతుంది. వైరస్ చావదు. కరోనా రోజుల్లో గంటకోసారి ఆవిరి పట్టి మొహం కాల్చుకున్నవాళ్ళు, గొంతు మండించుకున్నవాళ్ళు ఉన్నారు.

చిన్నపిల్లలకు ఇలా గిన్నె ముందు కూర్చోబెట్టి ఆవిరి పట్టకండి. వాళ్ళు ఒక్క కుదుపు కుదిపితే మరిగే నీళ్ళు తొడల మీద పడతాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఘాటైన ఆవిరి ఆయాసం రేపవచ్చు. ఎవరికైనా నీళ్ళు ఒలికి కాలితే 20 నిమిషాలపాటు కుళాయి ధార కింద చల్లటి నీళ్ళు పోయండి. ఐసు, టూత్‌పేస్టు, సిరా ఏవీ వద్దు.

వావిలాకు నీళ్ళ స్నానం

వావిలి అనగానే పెద్దవాళ్ళకు గుర్తొచ్చేది బాలింత స్నానం. ఒంటికి నువ్వుల నూనె పట్టించి, నలుగు పెట్టి, వావిలాకు కాచిన వేన్నీళ్ళు నడుం మీద ధారగా పోయడం ఎన్నో ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. చికున్‌గున్యా వచ్చిపోయాక నెలల తరబడి కీళ్ళు పట్టేసి బాధపడేవాళ్ళు, వరి నాట్లప్పుడు నడుం పడిపోయినవాళ్ళు కూడా ఈ నీళ్ళనే ఆశ్రయిస్తారు.

ఒక మనిషి స్నానానికి అరకిలో పచ్చాకు, లేత కొమ్మలతో సహా తీసుకోండి. పెద్ద దేగిసాలో ఎనిమిది లీటర్ల నీళ్ళు పోసి, ఆకు వేసి మూతపెట్టి మరగనివ్వండి. తెర్లిన తర్వాత సన్న మంట మీద పావుగంట. నీళ్ళు లేత పచ్చ నుంచి చిక్కటి టీ రంగుకు తిరుగుతాయి, వాసన స్నానాలగది దాకా వస్తుంది. దించి, పలచటి గుడ్డలో వడకట్టండి. వడకట్టకపోతే ఆకు ముక్కలు జుట్టులో చిక్కుకుంటాయి, కాలవ తూము పూడుతుంది. వావిలాకు ఎక్కువ దొరక్కపోతే సగానికి చింతాకు కలిపి కాచే పద్ధతీ ఉంది.

ఆ కాచిన నీళ్ళను బకెట్లో చన్నీళ్ళతో తొరపండి. ముందు చన్నీళ్ళు పోసి, వాటిలోకి వేడినీళ్ళు కలపడం మంచి అలవాటు. మోచెయ్యి ముంచితే వెచ్చగా హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. ‘బాలింతకు నీళ్ళు ఓర్చుకోలేనంత వేడిగా ఉంటేనే గుణం’ అనే మాట వినకండి. ఒళ్ళు ఎర్రగా కందడం గుణానికి గుర్తు కాదు. నడుం మీద, భుజాల మీద, పిక్కల మీద చెంబుతో నెమ్మదిగా ధారగా పోయాలి. పది నిమిషాల్లో ముగించి, తడి తుడిచి, గాలి తగలకుండా కాసేపు పడుకోవాలి. గది తలుపు లోపలినుంచి గడియ పెట్టుకోవద్దు. వేడి నీళ్ళతో రక్తపోటు పడిపోయి కళ్ళు తిరగడం బాలింతల్లో మామూలే, పక్కన ఒక మనిషి ఉండాలి. స్నానానికి ముందూ తర్వాతా మంచినీళ్ళు తాగనివ్వండి. బాలింతకు నీళ్ళు ఎక్కువ ఇస్తే పొట్ట వస్తుందని నోరు కట్టేయడం ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాదు. పాలిచ్చే మనిషికి దాహం ఎక్కువే వేస్తుంది.

కొన్ని సందర్భాల్లో ఈ స్నానం ఆపాలి. ఆపరేషన్ కాన్పు అయితే కుట్లు పూర్తిగా మానాయని డాక్టరు చెప్పేదాకా పొట్ట మీద ఆకునీళ్ళు పోయవద్దు, నూనె అసలే తగలనివ్వొద్దు. ఒళ్ళు వెచ్చబడటం, చలి, కంపు కొట్టే స్రావం, గుడ్డ మీద గుడ్డ తడిసిపోయే రక్తస్రావం ఉంటే అది ఆసుపత్రికి పరుగెత్తాల్సిన సంగతి. ఇంకొకటి ఎవరూ చెప్పనిది: కాన్పు తర్వాత ఒక కాలి పిక్క మాత్రమే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే అది రక్తనాళంలో గడ్డ కావచ్చు. దాన్ని పిసికితే, మర్దనా చేస్తే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ‘కాలు పట్టేసింది, గట్టిగా తోమండి’ అని మంత్రసాని అన్నా ఆ కాలు ముట్టుకోకండి.

పసిబిడ్డకు ఈ నీళ్ళు వద్దు. స్నానం తర్వాత బిడ్డకు వావిలాకు పొగ, సాంబ్రాణి పొగ వేయడం కూడా మానేయండి. పొగ ఏదైనా ఆ చిన్న ఊపిరితిత్తులకు పొగే.

బెణుకుకు కట్టు, నడుం నొప్పికి కాపడం

కాలు మడతపడి వాచిందంటే మొదటి రెండు రోజులు వేడి పెట్టకండి, వాపు పెరుగుతుంది. ఆ రెండు రోజులూ చన్నీళ్ళ గుడ్డ, విశ్రాంతి, కాలు దిండు మీద ఎత్తిపెట్టడం. మూడో రోజునుంచి వావిలాకు. అడుగు వేయలేకపోతే, ఎముక మీద నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి ఉంటే ముందు ఎక్స్‌రే తీయించండి. విరిగిన ఎముక మీద కట్టిన ఆకు వల్ల రోజులు గడవడమే గానీ ఎముక అతకదు.

కట్టు తేలిక. పది పన్నెండు ఆకులకు, తెల్లటి అడుగువైపు, ఆముదం పలచగా రాసి పెనం మీద వాడేదాకా వెచ్చచేయండి. చేతి వెనకవైపు ఆనించి చూసి, ఓర్చుకోగలిగినప్పుడు నొప్పి ఉన్నచోట పరిచి, పాత నూలు గుడ్డతో వదులుగా కట్టండి. వేళ్ళు తిమ్మిరెక్కితే గుడ్డ బిగుతైనట్టు. రాత్రి కట్టి పొద్దున విప్పవచ్చు.

కాపడం మూటకు కొంచెం శ్రమ ఉంది, నడుముకు, భుజానికి, మోకాళ్ళకు మాత్రం దీని సుఖం వేరు. నాలుగు గుప్పిళ్ళ ఆకు సన్నగా తరగండి. మూకుట్లో రెండు చెంచాల నువ్వుల నూనె వేసి సన్న సెగన వేయించండి. ఆకు పచ్చివాసన పోయి, రంగు ముదిరి, చేతికి మెత్తగా అయ్యేదాకా. మాడనివ్వొద్దు. రెండు మందపాటి నూలు గుడ్డ ముక్కల్లో సమంగా పోసి, మూతి గట్టిగా బిగించి, పట్టుకోవడానికి పిడిలా కొస వదలండి. పెనం మీద ఒక మూట వెచ్చబడుతుంటే రెండోదానితో నొప్పి ఉన్నచోట ఒత్తుతూ, రాస్తూ ఉండాలి. వేడి తగ్గగానే మార్చుకోవాలి. ప్రతిసారీ ముందు మీ అరచేతి వెనక ఆనించి చూసుకోండి. పావుగంట చాలు. కేరళ వైద్యశాలల్లో ఆకుమూటలతో చేసే స్వేదం (చెమట పట్టించే వైద్యం) దాదాపు ఇదే, అక్కడ ఆముదపాకు, జిల్లేడాకు, చింతాకు కూడా కలుపుతారు. ఇంట్లో జిల్లేడు జోలికి పోకండి. దాని పాలు కంట్లో పడితే పెద్ద ప్రమాదం.

షుగరు జబ్బుతో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకు ఏ కాపడమూ పెట్టకండి. వాళ్ళకు కాలుతున్నట్టు తెలియదు, పొద్దున్నే బొబ్బ కనిపిస్తుంది, ఆ పుండు ఓ పట్టాన మానదు. ఒక్క కీలు మాత్రమే ఎర్రబడి, నిప్పులా ఉండి, జ్వరం కూడా ఉంటే అది లోపల చీము పట్టిన కీలు కావచ్చు. ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

నూనె కాచడం

బజారు నిర్గుండి తైలం కొనుక్కోవడంలో తప్పేం లేదు. ఇంట్లో చేసుకోవాలనుకుంటే ఓపిక ఉన్న ఆదివారం చూసుకుని మొదలుపెట్టండి. తైలం కాచడానికి ఆయుర్వేదంలో పాత లెక్క ఒకటుంది: ముద్ద ఒక వంతు, నూనె నాలుగు వంతులు, కషాయం పదహారు వంతులు. పావు లీటరు నూనెకు ఆ లెక్కన ముద్ద సుమారు 60 గ్రాములు, కషాయం ఒక లీటరు.

1. అరకిలో వావిలాకు కచ్చాపచ్చాగా దంచి, నాలుగు లీటర్ల నీళ్ళలో మూత లేకుండా సన్న మంట మీద కాచండి. లీటరు మిగిలాక దించి వడకట్టి, పిప్పిని గట్టిగా పిండండి. గిన్నెలో మొదటే లీటరు నీళ్ళు పోసి, గరిటె కాడ మీద ఆ మట్టం గీత పెట్టుకుంటే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

2. విడిగా 60 గ్రాముల లేత ఆకు, చుక్క నీళ్ళతో చట్నీలా మెత్తగా నూరండి.

3. మందపాటి అడుగున్న, అన్నీ కలిపి పోశాక వచ్చే మట్టానికి మూడింతలు ఎత్తున్న గిన్నె తీసుకోండి. అందులో గానుగ నువ్వుల నూనె, కషాయం, ముద్ద మూడూ చల్లగా ఉండగానే కలిపి అప్పుడు పొయ్యి వెలిగించండి. కాగుతున్న నూనెలో నీళ్ళు పోస్తే ఏమవుతుందో వంటింట్లో తిరిగేవాళ్ళకు చెప్పక్కర్లేదు.

4. మొదట కాస్త మంట, ఉడుకు రాగానే సన్న సెగ. రెండు మూడు గంటలు పడుతుంది. అడుగంటకుండా కొయ్య గరిటెతో అడుగుదాకా కలుపుతూ ఉండండి. తొందరపడి మంట పెంచితే ముద్ద మాడి నూనె నల్లబడుతుంది, వాసన చేదెక్కుతుంది.

5. నీళ్ళు ఇగిరేకొద్దీ ఉడుకు చప్పుడు మారుతుంది. మొదట్లో గుడగుడలాడుతూ ఉన్నది, ఆఖర్లో చిటపటకు దిగి, తర్వాత సన్నగిల్లుతుంది. ఇక్కడినుంచి పక్కకు కదలొద్దు.

పాకం వచ్చిందో లేదో చూసే పరీక్ష పెద్దలనుంచి వచ్చిందే. గరిటె అంచున అంటిన ముద్దను కొంచెం చల్లార్చి వేళ్ళ మధ్య నలిపితే వేళ్ళకు అతుక్కోకుండా వత్తిలా సాగి చుట్టుకోవాలి. ఆ వత్తిని మంటకు చూపిస్తే చిటచిటలాడకుండా అంటుకోవాలి. చిటచిటలాడిందంటే లోపల ఇంకా తేమ ఉంది, ఆ నూనె నిలవ ఉండదు. అదే సమయానికి నూనె పైన నురగ కడుతుంది. నెయ్యి కాచేటప్పుడు నురగ అణగడం గుర్తు, నూనెకు నురగ లేవడం గుర్తు. ఈ మూడూ కలిసినప్పుడు దించేయండి. ఇంకాస్త ఉంచితే ముద్ద గట్టిపడి పొడిపొడి అవుతుంది, ఆ దశ దాటితే నూనె పనికిరాదు.

గోరువెచ్చగా ఉండగానే గుడ్డలో వడకట్టి, పిండి, బాగా ఆరిన గాజు సీసాలో పోయండి. తడి చెంచా ముంచకూడదు. ఆరు నెలల్లో వాడేయడం మంచిది. ముక్కకంపు వస్తే పారేయండి.

మొదటిసారి వాడేముందు మోచేతి లోపలి మడతలో రెండు చుక్కలు రాసి ఒక రోజు ఆగండి. దురద, దద్దుర్లు లేకపోతే నొప్పి ఉన్నచోట గోరువెచ్చగా రాసి పది నిమిషాలు మెల్లగా మర్దనా చేసి, అరగంట తర్వాత వేన్నీళ్ళు పోసుకోవచ్చు. పుండ్ల మీద, కళ్ళ దగ్గర, చెవిలో వద్దు. చెవిపోటుకు చెవిలో ఈ నూనె వేసే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. కర్ణభేరికి చిల్లు ఉంటే నూనె లోపలికి దిగి చీము పట్టవచ్చు.

దిండు, పప్పు డబ్బా

తలనొప్పికి, పడిశానికి వావిలాకు దిండు పాత అలవాటు. బూరుగు దూది దిండు గలీబు కింద, గుడ్డ సంచిలో రెండు గుప్పిళ్ళ ఎండాకు పోసి పెట్టుకుంటే చాలు. దిండంతా ఆకుతో నింపితే రాత్రంతా గరగర చప్పుడుకే నిద్ర పట్టదు. వాసన తగ్గాక ఆకు మార్చండి.

పెసలు, కందులు, మినుములు నిలవ చేసేటప్పుడు బాగా ఎండబెట్టిన గింజల మధ్య పొరపొరకూ ఎండు వావిలాకు వేస్తే పుచ్చు పురుగు త్వరగా పట్టదు. ఇది గింజలు పూర్తిగా ఎండి ఉన్నప్పుడే పనిచేస్తుంది. అప్పటికే గుడ్లు పెట్టేసిన పప్పును ఆకు కాపాడలేదు. వండేముందు ఆకు ఏరేసి కడుక్కుంటే సరిపోతుంది. ప్రకృతి సేద్యం చేసే రైతులు పైర్ల మీద చల్లే దశపర్ణి కషాయంలో వావిలి కూడా ఒక ఆకు.

దోమలకు ఎండాకు పొగ వేస్తారు. ఆరుబయట, పశువుల కొట్టం దగ్గర సరే. తలుపులు మూసిన పడకగదిలో వద్దు.

కడుపులోకి తీసుకోవచ్చా?

వైద్యుడు చూసి, మోతాదు చెప్పి ఇస్తే ఆయన బాధ్యత. మీ అంతట మీరు కషాయం కాచుకుని తాగవద్దన్నదే నా మాట. కడుపులోకి ఎంత వెళితే ఎవరికి ఏమవుతుందో ఇంటి కొలతలకు అందదు. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్ళు, హార్మోన్ మందులు వాడేవాళ్ళు దూరంగానే ఉండాలి. గర్భిణులకు పొట్ట, నడుముల మీద ఈ నూనె మర్దనా కూడా వద్దు. కీళ్ళవాతానికి డాక్టరు ఇచ్చిన మాత్రలు ఆపేసి ఆకురసం మొదలుపెట్టడం ఇంకా చెడ్డ పని. రుమటాయిడ్ రకం వాతంలో మందు ఆగిన కాలమంతా కీళ్ళు లోపల అరుగుతూనే ఉంటాయి.

చరక సంహితలో సింధువారాన్ని విషహర ద్రవ్యాల్లో చెప్పారు. ఆ మాట పట్టుకుని పాముకాటుకు, తేలుకాటుకు వావిలాకు పసరు కట్టేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. పాము కరిస్తే చేయాల్సింది ఒక్కటే: కరిచిన చోటు కదలకుండా ఉంచి, యాంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు మందు) ఉండే ఆసుపత్రికి వెంటనే చేర్చడం. పసరు నూరే ఐదు నిమిషాలు కూడా వృథా చేయకూడదు.

పెరట్లో నాటుకోవాలంటే

విత్తనం కోసం చూడకండి, కొమ్మ చాలు. తొలకరి పడ్డాక, బొటనవేలంత లావున్న ముదురు కొమ్మను మూరెడు పొడవున కోసి, కింది కొసను ఏటవాలుగా చెక్కి, మూడో వంతు భూమిలోకి దిగేలా గుచ్చండి. ఆకులన్నీ తీసేసి, కొసన రెండు కణుపులు మాత్రం వదలండి. తిరగబెట్టి నాటితే నాటుకోదు కాబట్టి కోసినప్పుడే ఏ కొస కిందో గుర్తుపెట్టుకోండి. మొదటి నెల తేమ ఆరకుండా చూస్తే చాలు, తర్వాత దాని సంగతి అదే చూసుకుంటుంది. గోడకు బాగా ఎడంగా నాటండి, గుబురు కట్టిందంటే దారి మూసేస్తుంది. ఏటా వేసవి చివర నడుమెత్తుకు నరికేస్తే వానలకు లేత కొమ్మలు దట్టంగా వస్తాయి, వినాయక చవితి నాటికి ఇంటికీ ఇరుగుపొరుగుకూ సరిపోయేంత ఆకు చేతికందుతుంది. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు పెద్ద డ్రమ్ములో పెంచుకోవచ్చు, కానీ బాల్కనీకి రోజుకు నాలుగైదు గంటల ఎండ రాకపోతే ఆకు పలచబడి వాసన తగ్గుతుంది. అలాంటిచోట కుండీ మేడ మీద పెట్టించుకోండి.